క్యాన్సర్ గడ్డకి రక్తనాళాలు ఎట్లా వస్తాయి, పక్కనుండే మంచి కణాలు ఎందుకు ఊరకుంటాయి?

ఊరకుండడం ఎక్కడండీ, అవే దగ్గరుండి సాయం చేస్తాయి. నేను డాక్టర్ని కాదు, తిరుపతిలో మా చిన్నమ్మకి పెద్దపేగు క్యాన్సర్ ట్రీట్‌మెంట్ జరిగినప్పుడు తోడు తిరిగినోణ్ని, ఈ సంగతి నాకు తలకెక్కింది కూడా ఒక పన్ను వల్ల.

కీమోతో పాటు బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఎక్కిస్తా ఉండారు, మధ్యలో దవడ పన్ను పోటెత్తింది, పీకించేద్దామని పోతే పళ్ళ డాక్టరు మందుల చీటీ చూసి ముందు క్యాన్సర్ డాక్టర్ని అడిగి రాపోండి అన్నాడు. ఆ మేడమేమో, ఈ మందు కొత్త రక్తనాళాలు రానీదు, గాయం మానాలంటే అవే కావాలి, పెద్ద ఆపరేషన్ అయితే కనీసం 28 రోజుల ముందే ఆపేస్తాం అనింది.

అంటే గాయం మానడానికి ఒంట్లో ఉండే ఏర్పాటునే గడ్డ వాడుకుంటుందన్నమాట. ఆక్సిజన్ రక్తనాళం నుంచి 0.1, 0.2 మిల్లీమీటర్ల దూరం దాకానే పోతుంది, గడ్డ 1-2 మిల్లీమీటర్లు దాటిందంటే లోపలి కణాలకి ఊపిరాడదు. అప్పుడు హెచ్‌ఐఎఫ్ అనే ప్రోటీన్, మామూలుగా ఆక్సిజన్ ఉంటే ఎప్పటికప్పుడు విరిగిపోయేది, నిలిచిపోయి, కొత్త నాళాలు మొలవమని సిగ్నల్ ఇచ్చే ప్రోటీన్ అయిన వీఈజీఎఫ్‌ని తయారుచేయిస్తుంది. అది పోయి పక్కనున్న నాళం గోడకి తగిలితే అక్కడ కొత్త కొమ్మ మొలుస్తుంది. (కణాలు ఆక్సిజన్ తగ్గింది అని ఎట్లా పసిగడతాయో కనిపెట్టినోళ్ళకే 2019 నోబెల్.)

ఇక మీరడిగిన మంచి కణాలు. గాయమైన చోట చెత్త ఎత్తే మాక్రోఫేజ్‌లు ఇక్కడికీ వచ్చేస్తాయి, అవీ, కణాల మధ్య అల్లికని అల్లే ఫైబ్రోబ్లాస్టులూ సొంతంగా వీఈజీఎఫ్ వదుల్తాయి, పైగా ఎంఎంపీ అనే ఎంజైములతో కణాల మధ్యుండే అల్లికని కోసి దాంట్లో అంటుకోనుండే వీఈజీఎఫ్‌ని కూడా బయటికి లాగుతాయి. వాటి లెక్కలో అది పుండు, మాన్పాల, అంతే. ద్వొరాక్ అనే పాథాలజిస్టు 1986లోనే ట్యూమర్లని మానని గాయాలు అన్నాడు, నాకైతే దీనికి మించిన మాట దొరకలా.

అట్లా వచ్చిన నాళాలు కూడా సక్రమంగా ఉండవు, కొత్త లేఅవుట్లో ఎవురికి తోచినట్టు వాళ్ళు లాక్కున్న కుళాయి పైపుల మాదిరి వంకర్లు, లీకులు. చిన్నమ్మకిచ్చిన బెవాసిజుమాబ్ ఆపేది ఈ వీఈజీఎఫ్‌నే. దాన్ని ఆపితే గడ్డ వేరే సిగ్నళ్ళు వెతుక్కోవచ్చు, ఈ ఇంజెక్షన్‌ని ఎక్కువగా కీమోతో కలిపే ఇస్తారు.

చిన్నమ్మకి దీంతో బీపీ కూడా ఎక్కింది, మాత్ర పెట్టినారు. పన్ను మాత్రం మేడం గ్యాప్ ఇచ్చినాకే పీకించినాం, అన్నాళ్ళూ రాగి సంగటే. సంగటి నమిలే పన్లేదు కదా, మింగేయడమే, బతికిపోయింది.