కొన్న లీడ్స్ పనికిరానివైతే కట్టిన డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం. నేనూ మా బావమరిదీ కలిసి ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తున్నాము. లైసెన్సు నా పేరున ఉంది; మా దగ్గర నలుగురు కుర్రాళ్లు పనిచేస్తారు. బెంగళూరులోని ఒక ఆన్‌లైన్ కంపెనీ నుంచి ఒకరు ఫోన్ చేసి, అనంతపురం పట్టణంలో వైరింగు, సోలార్ పనులు చేయించుకోవాలనుకుంటున్న 80 మంది వివరాలు ఇస్తామన్నారు. ఒక్కో లీడ్‌కు, అంటే పని కావాలన్న ఒక్కొక్కరి వివరాలకు, రూ.450 చొప్పున రూ.36,000, దానిపై జీఎస్టీ రూ.6,480, మొత్తం రూ.42,480 యూపీఐలో కట్టాను. కట్టిన తర్వాత వచ్చిన ఓటీపీ చెప్పమంటే చెప్పాను. 80లో 22 నంబర్లు పనిచేయడం లేదు. 31 మంది తాము ఎవరినీ ఏమీ అడగలేదని కోప్పడ్డారు. 9 మంది హిందూపురం, మడకశిర వైపువారు. 15 మంది ఇళ్లకు నాకంటే ముందే వేరే కాంట్రాక్టర్లు వెళ్లి వచ్చారు. దొరికినవి 3 పనులు. డబ్బు అడిగితే రీఫండ్ లేదని, కేసు వేస్తే బెంగళూరులోనే వేయాలని షరతుల్లో ఉందంటున్నారు. ఇక్కడి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా? హిందూపురం నంబర్లను అక్కడి తోటి కాంట్రాక్టరు ఒక్కొక్కటి రూ.200కు తీసుకుంటానంటున్నాడు, ఇవ్వవచ్చా?
— పేరు వద్దన్న పాఠకుడు, అనంతపురం

జవాబు: మీరు కొన్నది పని కాదు, పని అడిగిన మనిషి ఆచూకీ. 80 ఇచ్చి 3 పనులే దొరికాయన్నది మీకు ఎంత బాధ కలిగించినా, కోర్టులో అదొక్కటే నిలిచే వాదన కాదు. 'లీడ్' అంటే ఏమని ఆ కంపెనీ మీకు చెప్పింది, చెప్పినదానికి ఇచ్చింది సరిపోయిందా లేదా అన్నదే న్యాయమూర్తి అడిగే మొదటి ప్రశ్న. అందువల్ల 80ని ఒకే మూటగా కాక, మీ ప్రశ్నలో మీరే విడదీసి రాసినట్టు, విడివిడిగా చూడాలి.

మీ కేసులో బలమంతా ఆ 31 మందిలోనే ఉంది. పని కావాలని అడిగినవారి వివరాలని చెప్పి, ఏనాడూ అడగనివారి నంబర్లు అంటగట్టడం భారత ఒప్పందాల చట్టం, 1872లోని 18వ సెక్షన్ కింద అసత్య ప్రకటన అవుతుంది. తెలిసే అలా చేశారని చూపగలిగితే 17వ సెక్షన్ కింద మోసమే అవుతుంది. ఏదైనా సరే, 19వ సెక్షన్ ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు మీకిస్తుంది. రీఫండ్ లేదన్న షరతు మోసానికి గొడుగు పట్టదు. అయితే సంగతి తెలిసిన తర్వాత కూడా మీరు మౌనంగా వారాల తరబడి మిగతా లీడ్స్ వాడుకుంటూ పోయి ఉంటే, ఒప్పందాన్ని మీరే ఖాయం చేసుకున్నారని అవతలి వకీలు అంటాడు. మొదటిసారి ఏ తేదీన, ఏ మాటల్లో అభ్యంతరం చెప్పారో వాట్సాప్‌లో వెతికి పెట్టుకోండి.

పనిచేయని 22 నంబర్ల విషయంలో ఇలాంటి కంపెనీల షరతుల్లో సాధారణంగా ఒక గడువు ఉంటుంది. ఆ గడువులోగా తెలియజేస్తే బదులు లీడ్ ఇస్తారు, లేకుంటే ఇవ్వరు. మీరు తెలియజేశారా లేదా అన్నదాని మీదే అది తేలుతుంది. హిందూపురం, మడకశిర వైపు 9 మంది సంగతి, 'అనంతపురం పట్టణం' అన్న మాట ఎక్కడైనా రాతలో ఉంటే సులువు, నోటిమాటైతే కష్టం. హిందూపురం మీకు వంద కిలోమీటర్లు దాటిన ఊరు కాబట్టి, ఒక ఫ్యాను పాయింటు కోసం అక్కడిదాకా ఎవరూ వెళ్లరన్న సంగతి ఏ కోర్టుకైనా అర్థమవుతుంది. ఇక ముందే వేరే కాంట్రాక్టర్లు వెళ్లిన 15 ఇళ్ల మీద నేను పెద్దగా ఆశ పెట్టను. ఒకే లీడ్‌ను నలుగురికి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలే. మీకొక్కరికే ఇస్తామని హామీ ఇచ్చి ఉంటే తప్ప అది ఉల్లంఘన కాదు. 3 పనుల లీడ్స్‌కు మీరు డబ్బు కట్టవలసిందే.

కాబట్టి కంపెనీకి పంపే నోటీసులో రూ.42,480 మొత్తం కాక, 62 లీడ్స్‌కు రూ.27,900, దానిపై జీఎస్టీ రూ.5,022, కలిపి రూ.32,922 అడగమంటాను. లెక్కగా అడిగినవాడి మాటకు విలువ ఎక్కువ. మీకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి, ఆ ఇన్‌వాయిస్ మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోవడం) ఇప్పటికే తీసుకుని ఉంటే, ఆ రూ.5,022ను నష్టంగా చూపకూడదు. అది క్రెడిట్ నోట్ ద్వారా, అంటే బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ కంపెనీ ఇచ్చే పత్రం ద్వారా, సర్దుకోవలసిన వ్యవహారం.

ఇక ఆ ఓటీపీ. వెరిఫికేషన్ కోసమని అడిగి ఉంటారు, మీరూ అలాగే అనుకుని చెప్పి ఉంటారు. రేపు కోర్టులో కంపెనీ దాన్నే మీ సంతకంగా చూపుతుంది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 10ఎ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదు. ఆ ఎస్సెమ్మెస్‌ను ఇప్పుడొకసారి తీసి పూర్తిగా చదవండి: అందులో షరతుల లింకు ఉందా, 'అంగీకారానికి' అని ఉందా, అంకె మాత్రమే ఉందా? డబ్బు ముందు కట్టించుకుని షరతులు తర్వాత పంపారని మీ యూపీఐ రసీదులోని సమయం, ఎస్సెమ్మెస్ సమయం కలిపి చూపగలిగితే, ఒప్పందం కుదిరిన వేళ ఆ షరతులు నా ముందు లేవని వాదించడానికి మీకు చోటు దొరుకుతుంది. ఆ రెండు సమయాల మధ్య నాలుగు నిమిషాల తేడా ఉన్నా చాలు.

ఆ వాదన నెగ్గకపోతే బెంగళూరు షరతు మిమ్మల్ని కట్టేస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ ప్రకారం వ్యాజ్య కారణంలో (దావాకు దారితీసిన సంగతుల్లో) కొంత భాగం అనంతపురంలో పుట్టింది కాబట్టి ఇక్కడి కోర్టుకూ అధికారం ఉన్నమాట నిజమే. కానీ అధికారం ఉన్న రెండు కోర్టుల్లో ఒకదాన్నే ఎంచుకుంటూ పార్టీలు ఒప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 1989లో ఏబీసీ లామినార్ట్ కేసులో చెప్పింది. 'మాత్రమే' అన్న పదం లేకపోయినా ఫలితం అదేనని 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో స్పష్టం చేసింది.

వినియోగదారుల కమిషన్ మీకు ఆకర్షణీయంగా కనిపించడానికి కారణాలున్నాయి. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం 34వ సెక్షన్ ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు వేయనిస్తుంది, రూ.5 లక్షల లోపు ఫీజు లేదు. చిక్కల్లా 'వినియోగదారు' అన్న నిర్వచనంలోనే ఉంది. వాణిజ్య ప్రయోజనం కోసం సేవ పొందినవారు అందులోకి రారు. స్వయం ఉపాధితో బతికేవారికి ఇచ్చిన మినహాయింపు 2019 చట్టంలో కొన్న వస్తువుల గురించే మాట్లాడుతుంది, సేవల ఊసెత్తదు. పాత చట్టంలో సేవలూ ఉండేవి. నర్సుల వసతి కోసం ఫ్లాట్లు కొన్న ఆస్పత్రి ట్రస్టును సుప్రీంకోర్టు 2019లో వినియోగదారుగానే గుర్తించిందని ఎవరైనా మీకు చెప్పవచ్చు; అక్కడ కొనుగోలుకూ లాభార్జనకూ నేరుగా సంబంధం లేదు. లీడ్ కొనడమన్నది లాభం కోసమే చేసే పని, పైగా మీ దగ్గర నలుగురు జీతగాళ్లున్నారు. కాబట్టి ఫిర్యాదు మొదటి వాయిదాలోనే తిరస్కారానికి గురయ్యే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం.

మరి ముప్పై రెండు వేల కోసం ప్రతి వాయిదాకు బెంగళూరు వెళ్తారా? వద్దు. మొదట స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో నోటీసు పంపండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే అనంతపురం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో వ్యాజ్య పూర్వ దరఖాస్తు, అంటే కేసు వేయకముందే రాజీ కోరే దరఖాస్తు, పెట్టండి. దానికి ఖర్చు లేదు. కంపెనీ వచ్చి రాజీకి ఒప్పుకుంటే లోక్ అదాలత్ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. రాకపోతే మీరు పోగొట్టుకున్నదేమీ లేదు, సివిల్ దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. పోలీసు కేసు గురించి మీరు అడగలేదు గానీ, చాలామంది ముందు అక్కడికే పరుగెత్తుతారు కాబట్టి చెబుతున్నాను: భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద వంచన అనాలంటే మొదటి నుంచీ మోసపు ఉద్దేశం కనబడాలి, మీకు నిజమైన 3 పనులు దొరికాయి కాబట్టి ఆ మాట బలహీనపడుతుంది.

నోటీసుకు ముందు ఇంకో సంగతి తేల్చుకోండి. ఇన్‌వాయిస్ ఎవరి పేరున ఉంది? మీదీ మీ బావమరిదిదీ భాగస్వామ్య సంస్థ అయి, ఇన్‌వాయిస్ ఆ సంస్థ పేరున ఉండి, సంస్థ రిజిస్టరు కాకపోతే, భాగస్వామ్య చట్టం, 1932లోని 69వ సెక్షన్ మీ దావాను గుమ్మంలోనే ఆపేస్తుంది. దావా వేసిన తర్వాత రిజిస్టరు చేయించినా ఆ లోపం తీరదు. వాట్సాప్ సంభాషణలు, కాల్ రికార్డులు దాఖలు చేయాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. అందుచేత ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

ఆ 31 మందికి మళ్లీ ఫోన్ చేయవద్దు. అడగని ప్రచార కాల్ వచ్చిందని వారు అలాంటి కాల్స్‌పై ఫిర్యాదులు తీసుకునే 1909 నంబరుకు ఫిర్యాదు చేస్తే, అది కంపెనీ మీద కాదు, కాల్ వెళ్లిన మీ సిమ్ మీద పడుతుంది. 2025 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు చాలు. మొదటిసారికి అవుట్‌గోయింగ్ 15 రోజులు ఆగిపోతుంది, మళ్లీ జరిగితే ఏడాదిపాటు కనెక్షన్లే పోతాయి. మీరు పనిచేసిన ప్రతి ఇంటి డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు) బాక్సు లోపల అతికించిన స్టిక్కరు మీద ఉన్నది ఆ నంబరే కదా.

హిందూపురం నంబర్లు అమ్మడం గురించి: అమ్మకండి. లీడ్స్‌ను మరొకరికి ఇవ్వరాదన్న షరతు కంపెనీ పత్రంలో ఉందేమో చూసుకోండి. ఉంటే మీ ఫిర్యాదుకు ఎదురుదెబ్బ అదే అవుతుంది. పైగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమావళి వచ్చింది, సమ్మతికి సంబంధించిన ప్రధాన బాధ్యతలు అప్పటి నుంచి 18 నెలలకు అమలులోకి వస్తాయి. ఒకరు ఒక పని కోసం ఇచ్చిన నంబరును వారికి తెలియకుండా మరొకరికి అమ్మడం ఆ చట్టం ఉద్దేశానికి నేరుగా విరుద్ధం. నిజంగా పని అడిగిన హిందూపురం మనిషికి మీరే ఒకసారి ఫోన్ చేసి, 'నాకు దూరమవుతుంది, మీ ఊళ్లోనే నాకు తెలిసిన కాంట్రాక్టరు ఉన్నాడు, నంబరు ఇవ్వమంటారా' అని అడిగి, ఆయన సరేనంటే ఇవ్వండి; ఆ రూ.200 మాత్రం తీసుకోకండి.