పర్యావరణం కోసం ఖర్చులు తగ్గించుకోండి, పీఎఫ్ జోలికి మాత్రం వెళ్లకండి

ప్రశ్న: మాది ఉప్పల్, సొంత ఇల్లు. నాకూ మా ఆవిడకూ కలిపి నెలకు లక్షా పది వేలు చేతికొస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చులు 45 వేలు, ఆఫీసు రాయదుర్గంలో కాబట్టి కారు పెట్రోల్‌కే 8 వేలు, మ్యూచువల్ ఫండ్‌లలో నెలనెలా పెట్టే సిప్‌లు 10 వేలు. ఎఫ్‌డీ రెండు లక్షలుంది. మొన్నటి ఎండలు చూశాక పిల్లల కోసమైనా మనం మారాలనిపిస్తోంది. ఉన్న పెట్రోల్ కారు అమ్మేసి పది లక్షల అప్పుతో ఎలక్ట్రిక్ కారు కొనాలని, పీఎఫ్ కొంత తీసి డాబా మీద సోలార్ పెట్టించాలని, ఏసీ మానేయాలని, సిప్‌లన్నీ ఈఎస్‌జీ ఫండ్‌లోకి (పర్యావరణం, సమాజం, పాలన విషయాల్లో మెరుగైన కంపెనీల్లో పెట్టే ఫండ్) మార్చాలని అనుకుంటున్నా. మనం ఒక్కళ్లం మారితే ఏమవుతుందని మా ఆవిడ అంటోంది. ఎంతవరకు త్యాగం చేయొచ్చు?

జవాబు: మీ ఆలోచన మంచిది, దాన్ని వదులుకోమని చెప్పను. కానీ మీ జాబితాలో నిజంగా వదులుకునేవి తక్కువ, కొనేవి ఎక్కువ. వరసను తిరగేయండి. ముందు వాడకం తగ్గించండి, అలా మిగిలిన డబ్బుతోనే కొనాల్సినవి కొనండి.

ముందు కారు సంగతి చూద్దాం, డబ్బంతా పోయేది అక్కడే. పది లక్షలు, ఏడేళ్లు, 9 శాతం వడ్డీ అనుకుంటే ఈఎంఐ 16 వేల పైమాటే. ఇప్పుడు అన్నీ పోను మీకు నెలకు మిగిలేది సరిగ్గా అంతే! ఎలక్ట్రిక్ కారుతో పెట్రోల్ ఖర్చు ఆరున్నర వేల దాకా కలిసొస్తుంది, నిజమే, కానీ మిగతా తొమ్మిది, పది వేలు ప్రతి నెలా మీ జేబులోంచే పోతాయి. పోనీ పర్యావరణానికైనా అంత మేలు జరుగుతుందా అంటే, అదీ లెక్క వేద్దాం. లీటరు పెట్రోల్ మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మీరు కాల్చేది నెలకు 75 లీటర్లు, అంటే 170 కిలోలు. అంతే దూరం ఎలక్ట్రిక్ కారు నడపాలంటే 150 యూనిట్ల కరెంటు కావాలి. మన గ్రిడ్‌లో ఇంకా బొగ్గు కరెంటే ఎక్కువ, సగటున యూనిట్‌కు 0.7 కిలోలు వేసుకున్నా 105 కిలోలవుతుంది. తగ్గేది 65 కిలోలు. కొత్త కారు, దాని బ్యాటరీ తయారవడానికి అయ్యే కాలుష్యం ఈ లెక్కలో లేదు, పైగా మీరు అమ్మిన పాత కారును ఇంకొకరు కొని అదే పెట్రోల్‌తో నడుపుతారు.

ఇప్పుడు ఉప్పల్ మెట్రో స్టేషన్ గురించి ఆలోచించండి. అక్కడ బ్లూ లైన్ ఎక్కితే రాయదుర్గం వరకు ఎక్కడా రైలు మారక్కర్లేదు. ఈ సౌకర్యం నగరంలో చాలామందికి లేదు. వారంలో మూడు రోజులు మెట్రోలో వెళ్తే సగానికి పైగా పెట్రోల్ తగ్గుతుంది. మెట్రోకూ కరెంటు కావాలి కదా, దాని వాటా తీసేసినా కారు మార్చినంత ఫలితం వస్తుంది. చార్జీలు పోను మూడు వేలకు అటూ ఇటూగా మిగులుతుంది కూడా. రద్దీ ఉంటుంది, స్టేషన్ నుంచి ఆఫీసుకు నడవాలి, వానాకాలంలో ఇబ్బంది పడతారు. త్యాగం అంటే ఇదీ. మీ ఒంటి మీద పడేది, ఎవరికీ అప్పు పడనిది.

మీ ఆవిడ ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. 170 కిలోలను పన్నెండు నెలలకు లెక్క వేస్తే రెండు టన్నులు. మన దేశంలో తలసరి కార్బన్ డయాక్సైడ్ ఏడాదికి సుమారు రెండు టన్నులే, అది కూడా ఫ్యాక్టరీలు, విద్యుత్ కేంద్రాలు అన్నీ కలిపి. మీ ఒక్క కారు ఇంకో మనిషి వాటా అంత తీసుకుంటోంది. అందుకే కారూ ఏసీలూ ఉన్న ఇళ్లు తగ్గించుకోవడం లెక్కలోకి వస్తుంది, ఫ్యాన్ కూడా సరిగ్గా లేని ఇంటికి ఈ మాట చెప్పడం అన్యాయం.

ఏసీ పూర్తిగా మానేయడం నాకు నచ్చలేదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఎండకు పిల్లలు, పెద్దవాళ్లు తట్టుకోలేరు, వాళ్ల మీద పడే త్యాగం మీరు ఒక్కరే నిర్ణయించేది కాదు. 24 డిగ్రీల మీద పెట్టి ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. ఫ్యాన్లు పాతబడితే తక్కువ కరెంటు లాగే మోటారుండే బీఎల్‌డీసీ రకం తీసుకోండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు లాగితే ఇది 30 వాట్లతో తిరుగుతుంది. రోజూ పన్నెండు గంటలు తిరిగే ఫ్యాన్ మీద నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. అన్నీ ఒకేసారి మార్చేయకండి, హాల్లోది, పడకగదిలోది చాలు.

సోలార్‌కు మాత్రం నా ఓటు ఉంది. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ వస్తుంది. మొత్తం ఖర్చు రెండు లక్షలనుకుంటే మీ మీద పడేది లక్షా ఇరవై వేలు. నెలకు 350 యూనిట్ల దాకా తయారవుతాయి. మీ బిల్లు స్లాబును బట్టి నెలకు రెండు వేల చొప్పున తగ్గొచ్చు. సబ్సిడీ పని పూర్తయ్యాక బ్యాంకు ఖాతాలో పడుతుంది, ముందు మొత్తం మీరే సర్దాలి, ఇది తెలియక చాలామంది టెన్షన్ పడతారు. దేశంలో తయారైన సెల్స్ ఉన్న ప్యానెళ్లకే సబ్సిడీ, కాబట్టి కొటేషన్‌లో డీసీఆర్ అని రాసి ఉందో లేదో చూడండి. సంతకం పెట్టే ముందు ఉదయం తొమ్మిదికి ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు నీడ, పక్కింటి మేడ నీడ ఎక్కడిదాకా వస్తున్నాయో చాక్‌పీసుతో గీత గీయండి. ఒక్క ప్యానెల్ మూల మీద నీడ పడినా దాంతో కలిపిన వాటి ఉత్పత్తి కూడా తగ్గొచ్చు.

దీనికోసం పీఎఫ్ తీయకండి. ఇవాళ తీసిన లక్ష మీ రిటైర్మెంట్ నాటికి ఎన్ని రెట్లయ్యేదో ఆలోచించండి. ఇప్పటికిప్పుడు నేను అప్పుకు సరే అనే చోటు ఇదొక్కటే. ఈ పథకం కింద 3 కిలోవాట్ల వరకు బ్యాంకులు తాకట్టు లేకుండా, తక్కువ వడ్డీకి రుణమిస్తున్నాయి. సబ్సిడీ రాగానే దాన్ని అసలుకు కట్టేసి, మిగతాది ఐదారేళ్లకు పెట్టుకుంటే ఈఎంఐ రెండు వేలు, రెండున్నర వేల మధ్య ఉంటుంది, అంటే ఇంచుమించు తగ్గిన కరెంటు బిల్లంత.

సిప్‌ల విషయానికొస్తే, ఈఎస్‌జీ ఫండ్ పోర్ట్‌ఫోలియో ఒకసారి తెరిచి చూడండి. చాలావాటిలో మామూలు ఫండ్‌లలో ఉండే పెద్ద బ్యాంకులు, ఐటీ కంపెనీలే కనిపిస్తాయి. ఇష్టమైతే పదిలో రెండు వేలు పెట్టండి, మిగతావి కదపొద్దు. పర్యావరణానికి మేలు చేసే పనులకే బ్యాంకు వాడాల్సిన గ్రీన్ డిపాజిట్ కొంచెం నయం, 2023 జూన్ నుంచి ఆర్‌బీఐ నిబంధనలు వీటికి వర్తిస్తున్నాయి కాబట్టి ఆ డబ్బు ఎక్కడ పెట్టారో బ్యాంకు చెప్పాలి. వడ్డీ కాస్త తక్కువున్నా పర్వాలేదనుకుంటే అందులో పెట్టొచ్చు, ఐదు లక్షల వరకు డిపాజిట్ బీమా దీనికీ ఉంటుంది. కానీ ముందు మీ రెండు లక్షల ఎఫ్‌డీని నాలుగు లక్షలు చేయండి, ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం పోతే ఇంటి ఈఎంఐ ఆగదు కదా.

ఎలక్ట్రిక్ కారు గురించి ఎవరైనా తొందరపెడితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద ఎలక్ట్రిక్ వాహన రుణ వడ్డీపై పన్ను మినహాయింపు 2023 మార్చి 31 లోపు మంజూరైన రుణాలకే. తెలంగాణలో రోడ్డు ట్యాక్స్ మినహాయింపు గడువును 2026 డిసెంబర్ 31 దాకా పెట్టారు, ఆ గడువు చూసి పరుగెత్తాల్సిన పని లేదు. ఉన్న కారు ఇంకో నాలుగేళ్లు నడుస్తుంది. మెట్రో వల్ల మిగిలే మూడు వేలకు ఇంకో ఐదు వేలు కలిపి ఈ నెల నుంచే వేరే రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. అప్పటికి నాలుగు లక్షల దాకా చేతిలో ఉంటుంది, డాబా మీద సొంత కరెంటూ ఉంటుంది, పది లక్షలు అప్పు చేయాల్సిన చోట ఆరుతో సరిపోతుంది.