తూటా ఖాళీ అయితే ఏమనాలి?

సందేహం: “మా తాతగారు దాచుకున్న పాత కాగితపు తూటాలతో మొదలుపెట్టి కొన్నేళ్లుగా షాట్‌గన్ తూటాలు సేకరిస్తున్నాను. పెట్టె మూత తీయగానే మైనం, తుపాకి మందు కలిసిన ఆ వాసనకి ఆయన చెప్పిన వేట కబుర్లన్నీ గుర్తొస్తాయి. అట్టల మీద ‘ఖాళీ తూటాలు’ అని రాశాను. తూటా అంటే బుల్లెట్ కదా, బుల్లెట్ ఖాళీగా ఎలా ఉంటుందని ఒక మిత్రుడు ఆక్షేపించారు. మొత్తం సేకరణకు ‘షికారు జ్ఞాపకాలు’ అని పేరు పెడితే విహారయాత్ర ఫొటోలనుకుంటారని ఇంకొకరు అన్నారు. ఏది సరి?” – ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడు ఆక్షేపించాల్సింది మిమ్మల్ని కాదు, వార్తలు రాసేవాళ్లను. ‘ఛాతీలో రెండు తూటాలు దిగాయి’, ‘వైద్యులు తూటాను వెలికితీశారు’ అని చదివి చదివి తూటా అంటే ఒంట్లో దిగే లోహపు ముక్క అనే అభిప్రాయం పాతుకుపోయింది. దిగేది గుండు. తూటా తొడుగు తుపాకిలోనో, పేల్చినవాడి కాళ్ల దగ్గరో ఉండిపోతుంది. తుపాకి గుండు అనే నికార్సయిన మాట చేతిలో ఉండగా దాన్ని తలకీ సూదికీ వదిలేసి, తూటా చేత రెండు పనులూ చేయిస్తున్నారు.

తూటా మన పుట్టుమాట కాదు. హిందీ, ఉర్దూల్లోని ‘టోటా’ దక్షిణాదికి దిగి తమిళంలో ‘తోట్టా’, కన్నడంలో ‘తోటా’, మనకు ‘తూటా’ అయింది. హిందీ నిఘంటువుల్లో టోటాకి ఇచ్చిన అర్థాలు ఒకచోట పెట్టి చూడండి: కోసిన వెదురు ముక్క, కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్క, తుపాకి తూటా. మూడూ పొట్టిగా, గుండ్రంగా ఉండే ముక్కలే. పేరు ఆకారాన్ని బట్టి వచ్చింది, లోపల ఉన్న సీసాన్ని బట్టి కాదు. హిందీలోనే ఇంకో మాట ‘కార్తూస్’ ఉంది. దాని పుట్టిల్లు ఐరోపా. పోర్చుగీసు ‘కార్తూషు’, ఫ్రెంచి ‘కార్తూష్’, వాటి వెనక ఇటాలియన్ ‘కార్తోచ్చో’. ఆ చివరి మాటకు కాగితపు పొట్లం అని అర్థం. మూలం ‘కార్తా’, అంటే కాగితం. ఇంకా వెనక్కి వెళితే పాపిరస్ ఆకుకి గ్రీకులు పెట్టుకున్న పేరు. ఇంగ్లీషు కార్ట్రిడ్జి ఈ సంతానమే. మనం రోజూ వాడే కార్డు, చార్టు దాయాదులు.

1857 సంగతి బళ్లో అందరం చదివాం: కొవ్వు పూసిన తూటాలను పళ్లతో కొరకడానికి సిపాయిలు నిరాకరించారు. వాళ్లు కొరకాల్సింది ఏమిటి? సీసపు గుండునా? కాదు, కొవ్వు పట్టించిన కాగితపు పొట్లం కొసని. అది చించి మందు గొట్టంలో పోసి, గుండు దింపి, కడ్డీతో దట్టించాలి. తూటా అంటే పొట్లమనే ఎరుక ఆ వాక్యంలోనే ఉంది. అంతకన్నా గట్టి సాక్ష్యం బావులు తవ్వేవాళ్ల నోట దొరుకుతుంది. బండకు బెజ్జం వేసి ‘తూటాలు పెట్టి పేల్చాం’ అంటారు. ఆ తూటాలో గుండు ఊసే లేదు; ఉన్నదల్లా మందు కూరిన గొట్టం. గుండు లేకపోయినా తూటా తూటాయే అయినప్పుడు, పేలిపోయి గొట్టం మిగిలినది తూటా ఎందుకు కాకూడదు?

మీ సేకరణలోని వస్తువు కూడా ఈ వాదానికి సరిపోతుంది. పాత షాట్‌గన్ తూటాకి అడుగున ఇత్తడి గిన్నె, దాని నడుమ ప్రైమరు (తుపాకి సూది పొడవగానే నిప్పు పుట్టించి మందును అంటించే చిన్న బిళ్ల), పైన మైనం పట్టించిన కాగితపు గొట్టం. గొట్టంలో ముందు మందు, దాని మీద అట్టబిళ్ల, ఆ పైన మందపాటి ఫెల్టు బిళ్ల, తర్వాత సీసపు గుళ్లు, అన్నిటి మీద పలుచని అట్టమూత. కాగితం అంచును లోపలికి చుట్టి మూతను బిగిస్తారు. మూత మీది అంకె గుళ్ల పరిమాణం చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ గుళ్లు చిన్నవవుతాయి. బ్రిటిష్ లెక్కలో 6వ నంబరు గుళ్లు ఔన్సుకు 270, అమెరికా లెక్కలో అదే నంబరువి సుమారు 225. కనుక అట్ట మీద నంబరు పక్కన దేశం పేరు తప్పనిసరి. ఇక 12 బోరు అనే కొలత పూర్తిగా గుండు మీదే నడుస్తుంది: ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక గుండు సరిగ్గా పట్టే గొట్టం వ్యాసం, అంటే సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోరు సన్నగా ఉండటానికి కారణం అదే. గుండుకీ తూటాకీ తేడా తెలియనివాళ్లకు ఈ కొలత ఎన్నిసార్లు చెప్పినా బోధపడదు. 410 బోరు మాత్రం ఈ లెక్కలోకి రాదు. అది అంగుళంలో వెయ్యో వంతుల్లో నేరుగా చెప్పిన వ్యాసం.

అసలు చిక్కు ‘తూటా’తో కాదు, ‘ఖాళీ’తో. మీరు ఖాళీ అంటున్న వాటిలో రెండు రకాలుంటాయి. పేలినవి ఒకటి. ప్రైమరు బిగించి, మందూ గుళ్లూ పోయకుండా అమ్మినవి రెండోది. ఈ రెండో రకం లోపల బోసిగా ఉన్నా ప్రైమరు బతికే ఉంటుంది. మేకుతో పొడిచినా, నిప్పు తగిలినా పేలుతుంది. ప్రైమరు నడుమ సూది గుంట ఉంటే పేల్చినదని తెలుస్తుంది, నున్నగా ఉంటే అనుమానించాలి. నిడివి కూడా చూసుకోండి. 65, 70 మిల్లీమీటర్లు అని రాసేది అంచు విప్పుకున్నాక ఉండే నిడివి. ఒకే రకం తూటాల్లో నిండుదానికన్నా పేలినదే పొడుగు.

కాబట్టి ‘నిండు తూటా’, ‘పేలిన తూటా’, ‘మందు పోయని తూటా’ అని మూడుగా విడదీయమంటాను. ‘ఖాళీ తూటా’ను తప్పని కొట్టేయలేను, వాడుక బలం దానికే ఉంది. పేలినదాన్ని ‘తూటా గుల్ల’ అంటే నా చెవికి ఇంకా ఇంపుగా ఉంటుంది. నత్తగుల్లలోనూ అంతే కదా, ప్రాణం పోయాక మిగిలినది గుల్లే. కానీ ఇందులో నా ఇష్టం పాలు ఎక్కువ, పట్టుబట్టను. తూటాకి ఇంగ్లీషులో వాడే ‘షెల్’ చూసి ‘గవ్వ’ అని రాసినవాళ్లను మాత్రం క్షమించలేను.

వాసన గురించి రాశారు గనక ఒక మాట. ఆ మైనపు కాగితం తేమ పీల్చి ఉబ్బుతుంది, ఉబ్బితే మూత వదులై గుళ్లు రాలతాయి. సిలికా జెల్ పొట్లాలు పెట్టి, మూత బిగుతుగా ఉంచండి. గుళ్ల మీద తెల్లటి పొడి కనిపిస్తే అది సీసపు విషం, ఊదకండి, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇత్తడిని తోమి మెరిపించకండి, అమోనియా ఉన్న పాలిష్ అసలే వద్దు. బ్రిటిష్ హయాంలో ఇండియాలో వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి తొడుగులు వాటంతటవే పగిలేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, సాగదీసిన ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు కలిసి చేసిన పని అది అని 1921లో తేలింది. దానికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు.

ఇక షికారు. పారశీకంలో షికార్ అంటే వేట. దొరల వేటలో డేరాలు, విందులు, సవారీలు కలిసి ఉండేవి. తెలుగులో వేట జారిపోయి సరదా ప్రయాణం మిగిలింది. షికారీ అన్నప్పుడు మాత్రం పాత అర్థం ఇంకా బతికే ఉంది. మన ‘వేట’ ఇందుకు ఎదురుదారిలో వెళ్లి చేపలకీ, ఉద్యోగాలకీ, ఓట్లకీ కూడా పాకింది. మీ తాతగారి కాలపు మాటగా ‘షికారు జ్ఞాపకాలు’ ఉంచుకోవడంలో దోషం లేదు, పేరు మార్చకండి. విహారయాత్ర అనుకుంటారన్న భయం ఉంటే కింద చిన్న అక్షరాల్లో ‘వేట తూటాలు, 12, 16, 20 బోర్లు’ అని చేర్చండి, చాలు.