చలిలో సెస్నా స్టార్ట్ చేయడం బండి స్టార్ట్ చేసినట్టేనా?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం భయమేసింది. కరీంనగర్ నుంచి నవంబర్‌లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌కి కెనడా పోతున్నావు, అక్కడ చలికి ట్రైనింగ్‌కి వాడే చిన్న విమానం సెస్నా 172 పొద్దున్నే స్టార్ట్ కాదని ఎవరో చెప్పారు, "బండికి చేసినట్టు నాలుగుసార్లు రేజ్ చేస్తే సరిపోదా, ఇక్కడి నుంచి ఏమైనా కొనుక్కుపోవాలా" అని అడిగావు. సరిగ్గా ఆ నాలుగుసార్ల రేజ్‌తోనే నేను ఒక విమానం ముక్కుకి నిప్పు పెట్టాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టు.

నాది హన్మకొండ. ట్రైనింగ్ అమెరికాలో, నార్త్ డకోటాలోని ఒక చిన్న ఊళ్ళో, రెండు చలికాలాలు. మన దగ్గర 12 డిగ్రీలకే మంకీ క్యాపులు బయటికొస్తాయి, ఆదిలాబాద్‌లో 5కి పడితే పేపర్లో చలిమంట ఫొటో వేస్తారు. ఆ చలి ఇంజన్‌కి లెక్కే కాదు, మామునూరు రన్‌వే మీద సంక్రాంతి తెల్లవారుజామున నిలబెట్టినా తాళం తిప్పితే లేస్తుంది. అక్కడ నేను చూసిన మొదటి డిసెంబర్‌లోనే మైనస్ 26. ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టి గుచ్చుకుంటాయి.

ఇంట్లో కొబ్బరినూనె సీసా చలికాలంలో ఏమవుతుందో చూశావు కదా. బోర్లించి ఎంత కొట్టినా చుక్క రాలదు, అమ్మ తీసుకెళ్ళి ఎండలోనో పొయ్యి పక్కనో పెట్టాల్సిందే. ఇంజన్ ఆయిల్ అంత రాయిలా కాకపోయినా ముందు తేనెలా, చలి ఇంకా పెరిగితే గ్రీజులా తయారవుతుంది. పంపు దాన్ని లాగలేదు. అంటే స్టార్ట్ అయిన మొదటి అర నిమిషం బేరింగులు దాదాపు ఎండుగా తిరుగుతాయి. పైగా ఇంజన్ బయటి డొక్క, అదే క్రాంక్‌కేస్, అల్యూమినియం, లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ ఉక్కు. అల్యూమినియం చలికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు ముడుచుకుంటుంది కాబట్టి బేరింగ్ దగ్గర ఉండాల్సిన సందు ఇంకా ఇరుకైపోతుంది, ఆ చిక్కటి ఆయిల్‌కి అసలు దూరే దారే ఉండదు. అందుకే చలికి మొండికేసి స్టార్ట్ కాని ఇంజన్ అంటే నాకు కోపం లేదు. వేడి చేయకుండానే టక్కున స్టార్ట్ అయ్యేదే నష్టం చేస్తుంది, ఎందుకంటే ఆ అరుగుడు ఆ రోజు ఎవరికీ కనపడదు, ఎప్పుడో ఆయిల్ ఫిల్టర్ కోసి చూసినప్పుడు మెరిసే రజను రూపంలో బయటపడుతుంది.

కాబట్టి అసలు పని తాళం తిప్పడానికి ముందే ఉంది. 172లలో ఎక్కువగా ఉండే లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో చాలావాటికి మైనస్ 12 కంటే కిందికి పోతే, కొన్ని మోడళ్ళకు మైనస్ 6 నుంచే, ముందుగా వేడి చేయమని కంపెనీవాళ్ళే చెప్తారు. నన్నడిగితే సున్నాకి దగ్గరగా ఉన్నా రాత్రంతా బయట నిలిపిన విమానానికి చేసెయ్, పోయేదేం లేదు. చాలాచోట్ల రెండు పద్ధతులు. కరెంటు ప్యాడ్లు ఇంజన్‌కే అంటించి ఉంటాయి, ప్లగ్ పెట్టి పైన మందపాటి దుప్పటి లాంటి కవర్ కప్పి రాత్రంతా వదిలేస్తారు. లేదంటే పెద్ద హీటర్, దాని గొట్టం కౌలింగ్‌లో (ఇంజన్ మీది రేకు మూత) పెట్టి వేడిగాలి కొడతారు. ఈ రెండోదాంట్లోనే మోసం ఉంది. పది నిమిషాల్లో పైన సిలిండర్లు చేత్తో ముట్టుకుంటే వెచ్చగా తగులుతాయి, నువ్వు అయిపోయిందనుకుంటావు. కింద సంప్‌లో ఆయిల్ మాత్రం అలాగే ఉంటుంది. సంప్ అంటే మన ఇళ్ళల్లో నీళ్ళ సంప్ లాంటిదే అనుకో, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటు. గొట్టం కిందికి కూడా పెట్టి అరగంట, మరీ చలైతే ఇంకా ఎక్కువ సేపు ఉంచాలి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ చుక్కలా జారాలి, సాగుతూ వేలాడకూడదు. హీటర్ నడుస్తున్నంతసేపు అక్కడే నిలబడు, వదిలేసి టీకి పోవద్దు.

ఇక నా ఘనకార్యం. జనవరి, మైనస్ 17. హీటర్ ఒక్కటే ఉంది, అది ఇంకో విమానం దగ్గర. నా వంతు వచ్చేసరికే లేటైంది, పది నిమిషాలు పెట్టి గొట్టం పీకేశాను. ఇన్‌స్ట్రక్టర్ వచ్చి సరిపోయిందా అంటే సరిపోయింది అన్నాను. ఆయన బెల్టు పెట్టుకుంటున్నాడు, నేను తాళం తిప్పాను, రెండు చుట్లు తిరిగి ఆగింది. అప్పుడు మా బాపు గుర్తొచ్చాడు. పొద్దున్నే చేతక్‌ని ఒక పక్కకి వంచి, చోక్ లాగి, ఎక్స్‌లేటర్ గరగరా తిప్పి ఒక్క కిక్‌లో లేపేవాడు. నేనూ థ్రోటల్‌ని ముందుకీ వెనక్కీ ఐదారుసార్లు కొట్టి మళ్ళీ తాళం తిప్పాను.

అది స్కూటర్ కాదని అప్పుడు తెలిసింది. ఆ పాత 172లో కార్బురేటర్ ఇంజన్ అడుగున ఉంటుంది, గాలిని కింది నుంచి పైకి పీలుస్తుంది. థ్రోటల్ కొట్టినప్పుడల్లా అందులోని చిన్న పంపు పెట్రోల్ చిమ్ముతుంది. ఇంజన్ తిరుగుతుంటే అది సిలిండర్లలోకి పోతుంది, ఆగి ఉంటే మాత్రం కిందికి కారి గాలి వచ్చే డబ్బాలో చేరుతుంది. అంత చలిలో పెట్రోల్ ఆవిరి కూడా కాదు, ద్రవంగానే నిలుస్తుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు.

ధబ్‌మని చప్పుడు, ముక్కు కింద నుంచి పొగ. నా చెయ్యి తాళం వదిలేయబోయింది. ఇన్‌స్ట్రక్టర్ నా చేతిమీద చెయ్యి వేసి అలాగే నొక్కి పట్టి, ఆపకు, తిప్పుతూనే ఉండు అన్నాడు. ఇంకో చేత్తో మిక్స్‌చర్ (ఇంజన్‌కి పెట్రోల్ ఎంత పోవాలో చూసే పిడి) పూర్తిగా వెనక్కి లాగి, థ్రోటల్ పూర్తిగా ముందుకి తోశాడు. ఇంజన్ తిరుగుతుంటే మంటని లోపలికే పీల్చుకుంటుంది, మిక్స్‌చర్ కట్ చేస్తే కొత్త పెట్రోల్ రాదు. పది సెకన్లలో ఆరిపోయింది. ఆరకపోతే ఫ్యూయల్ సెలెక్టర్ ఆఫ్, ప్లగ్గులకి కరెంటు ఇచ్చే మ్యాగ్నెటోలు ఆఫ్, మాస్టర్ స్విచ్ ఆఫ్, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పట్టుకుని బయటికి దూకడమే. ఇది మీ విమానం హ్యాండ్‌బుక్‌లో ఎమర్జెన్సీ పేజీలో ఉంటుంది, బట్టీ పట్టు. మా విమానంలో ఎయిర్ ఫిల్టర్ అంచు నల్లగా మాడింది, ముక్కు చక్రం పక్కన మంచు మీద నీలం మరకలు. ఏవీగ్యాస్‌కి, అంటే ఈ విమానాల్లో పోసే పెట్రోల్‌కి, నీలం రంగు కలుపుతారు. ఇన్‌స్ట్రక్టర్ ఒక్క మాట తిట్టలేదు, గొట్టం ఎన్ని నిమిషాలు పెట్టావు అని మాత్రం అడిగాడు.

పెట్రోల్ ఎక్కువ కావాలన్నది నిజమే, కానీ దానికి ప్రైమర్ ఉంది. అది సిలిండర్ల దగ్గరికే నేరుగా పంపిస్తుంది. చెక్‌లిస్ట్‌లో ఎన్నిసార్లు అంటే అన్నిసార్లే, అయ్యాక లోపలికి నొక్కి లాక్ చెయ్యి. మరీ ఎక్కువ కొడితే సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోల్ కడిగేస్తుంది. కొత్త 172లలో కార్బురేటర్ లేదు, ఇంజెక్షన్ ఉంటుంది, వాటి వరస వేరు. నీకు ఏది ఇస్తే దాని చెక్‌లిస్టే చదువు, నాది కాదు.

స్టార్టర్‌ని పది సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోకు, మధ్యలో ఆగు. మైనస్ 18 దగ్గర బ్యాటరీ శక్తి సగానికి పడిపోతుంది, అదే సమయంలో చిక్కటి ఆయిల్‌ని తిప్పడానికి రెట్టింపు బలం కావాలి. ఒకటి రెండుసార్లు ఫట్ ఫట్ మని ఆగిపోయి, ఆ తర్వాత ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేకపోతే స్పార్క్ ప్లగ్గుల మీద మంచు పట్టినట్టే. పెట్రోల్ మండితే నీటి ఆవిరి పుడుతుంది, ఇంజన్ వేడెక్కకుండా ఆగిపోతే అది ప్లగ్గు కొనల మీదే గడ్డకడుతుంది. ఇక తాళంతో కుస్తీ పట్టడం దండగ, దిగిపోయి మళ్ళీ హీటర్ పెట్టు.

కొందరు స్టార్ట్ చేసే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పుతారు, ఆయిల్ కదులుతుందని. తాళం జేబులో ఉన్నా సరే, మ్యాగ్నెటోని ఆపి ఉంచే వైరు ఎక్కడైనా తెగి ఉంటే ఇంజన్ అంటుకుని ఆ ప్రొపెల్లర్ దానంతటదే తిరగొచ్చు. నేర్పేవాళ్ళు పక్కన లేకుండా ముట్టుకోకు.

స్టార్ట్ అయ్యాక చూపంతా ఆయిల్ ప్రెషర్ మీదే. 30 సెకన్లలో సూది లేవాలి, బాగా చలైతే ఒక నిమిషం. లేవలేదా, ఆపెయ్. లేచిందంటే 1000 ఆర్పీఎం దగ్గర కూర్చో, క్యాబిన్ చల్లగా ఉందని రేజ్ చేయకు. రన్‌అప్ (ఎగిరే ముందు ఇంజన్ స్పీడు పెంచి చేసే పరీక్ష) చేసేటప్పుడు కింద ఐస్ ఉందేమో చూడు, బ్రేకులు పట్టినా విమానం మెల్లగా జారుతుంది, మనకేమో లోపల గేజులు చూస్తూ తెలియదు. రెక్కల మీద మంచు పొర ఉంటే, ఎంత పల్చగా ఉన్నా, మొత్తం తీసేశాకే ఎగరడం. క్యాబిన్ హీటర్ గాలి ఎగ్జాస్ట్ మఫ్లర్ చుట్టూ తిరిగి వస్తుంది, అక్కడ పగులు ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది, తలనొప్పి మొదలైతే హీటర్ కట్టేసి కిటికీ తెరువు.

కొనుక్కుపోయేవి అడిగావు. జాకెట్ ఇక్కడ కొనకు, మనవాళ్ళు అమ్మేది ఆ చలికి చొక్కాతో సమానం, అక్కడే తీసుకో. ఇక్కడి నుంచి ఒక చిన్న టార్చ్, పల్చటి ఉన్ని గ్లౌజులు రెండు జతలు పట్టుకుపో. మందం గ్లౌజులతో ఫ్యూయల్ డ్రెయిన్ (ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోల్ తీసి చూడటం) చేయలేవు, ఒట్టి చేత్తో ఆ చల్లటి లోహం ముట్టుకుంటే చర్మం అతుక్కుంటుంది. ఇంకా చలికాలం వస్తే నేపాలీలు రోడ్డు పక్కన పెట్టి అమ్ముతారు చూడు, ఆ మంకీ క్యాప్ ఒకటి. పైన ఉన్ని బంతి లేనిది చూసుకో, ఉంటే హెడ్‌సెట్ పట్టీ సరిగ్గా దానిమీదే కూర్చుని గంటసేపు నెత్తి మీద నొక్కుతుంది.