ఆపరేషన్ అయిన రాత్రి కుక్క ఎక్కడ ఉండాలి?

(పెంపుడు జంతువుల వైద్యంపై పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుల జవాబులు)

ప్రశ్న: మా లాబ్రడార్ స్వీటీకి ఏడేళ్లు, బరువు 28 కిలోలు. హీట్ (ఎదకు రావడం) అయిపోయిన నెలన్నరకి గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగడం, అన్నం ముట్టకపోవడం మొదలైంది. స్కానింగ్ తీసి గర్భసంచిలో చీము పట్టిందని చెప్పి, అదే రోజు ఆపరేషన్ చేశారు. సాయంత్రం "ఇక్కడ ఉంచుతారా, తీసుకెళ్తారా, మీ ఇష్టం" అన్నారు. ఇంటికి తెచ్చుకున్నాం. ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రాత్రంతా దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. ఇలాంటప్పుడు ఎలా తేల్చుకోవాలి?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: స్వీటీ కోలుకున్నందుకు సంతోషమమ్మా. ఈ జబ్బులో మాత్రం మంచి వసతి ఉన్నచోట కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు ఉంచమనే మా సలహా. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లోనూ ఇదే గర్భసంచిని, ఇవే అండాశయాలను తీస్తారు. అందుకే చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క మత్తు దిగి లేచి నిలబడితే ప్రమాదం చాలావరకు దాటినట్టే. చీము పట్టిన కుక్క సంగతి వేరు. గర్భసంచి తీసేసినా, అప్పటికే రక్తంలో కలిసిన బ్యాక్టీరియా విషం ఆ రాత్రీ, మర్నాడూ పనిచేస్తూనే ఉంటుంది. బీపీ పడిపోవచ్చు, రక్తంలో చక్కెర తగ్గొచ్చు, గుండె లయ తప్పొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. వీటిని సరిచేయాలంటే సెలైన్, మందులు, రక్తపరీక్ష చేతికి అందేచోట ఉండాలి.

అయితే ఆస్పత్రిలో ఉంచడమంటే అన్నిచోట్లా ఒకటే కాదు. తొమ్మిదింటికి షట్టర్ దించి, బయట వాచ్‌మన్ పడుకునే క్లినిక్‌లో రాత్రి రెండింటికి కడుపులో రక్తం కారడం మొదలైతే పొద్దున ఎనిమిదింటి దాకా ఎవరికీ తెలియదు. అలాంటి బోనులో వదిలేకంటే, పక్కన మెలకువగా ఉన్న ఇంటి మనిషి వెయ్యి రెట్లు నయం. అందుకే డాక్టరు గారిని మొదట అడగాల్సింది "రాత్రి లోపల ఎవరుంటారు?" అని. ఆ మనిషి ఎన్ని గంటలకోసారి చూస్తారు, తేడా వస్తే డాక్టరు ఎంతసేపట్లో రాగలరు, ఆక్సిజన్ ఉందా, కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా, పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల అంటువ్యాధి) వచ్చిన కుక్కలను వేరే గదిలో పెడతారా అని కూడా అడగండి. అడిగితే డాక్టరు గారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. టీకాలు పూర్తికాని కుక్కపిల్ల అయితే ఆ పార్వో ప్రశ్న ఒక్కటే మొత్తం నిర్ణయాన్ని మార్చేస్తుంది. రాత్రికి ఎంతవుతుందో కూడా ముందే అడిగి తెలుసుకోండి, అందులో తప్పేమీ లేదు.

ఇల్లు, క్లినిక్ కాక ఇంకో రెండు దారులున్నాయి. ఇంటివాళ్లలో ఒకరు రాత్రి క్లినిక్‌లోనే కుక్క దగ్గర ఉంటామంటే చాలా చిన్న క్లినిక్‌లు ఒప్పుకుంటాయి. లేదా ఆపరేషన్ చేసినచోటి నుంచి రాత్రంతా డాక్టరు ఉండే ఆస్పత్రికి మార్చొచ్చు. మార్చేటప్పుడు ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.

ఇంటికి తేవాల్సి వస్తే ఏం చూడాలో వివరంగా చెబుతాం. ముక్కు దగ్గర చెయ్యి పెడితే ఊపిరి ఉందని తెలుస్తుందంతే. పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో, తడిగా ఉండాలి. కోరపంటి పైన వేలితో నొక్కి వదిలితే తెల్లబడినచోటు రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడాలి. లాబ్రడార్‌లలో కొన్నింటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి. వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడండి. కడుపులో రక్తం కారుతుంటే పొట్ట ఉబ్బడం ఆలస్యంగా కనిపిస్తుంది, చిగుళ్లు తెల్లబడటం ముందే తెలుస్తుంది. పొట్ట ఉబ్బేదాకా ఆగకండి.

నిద్రలో ఛాతీ లేచి పడటాన్ని ఒకటిగా లెక్కపెడితే నిమిషానికి 30 లోపు ఉండాలి. థర్మామీటరు కొనకు వ్యాజిలైన్ రాసి మలద్వారంలో అంగుళం లోపలికి పెట్టి చూస్తే వేడి 100 నుంచి 102.5 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి. మత్తులో ఒళ్లు చల్లబడటం మామూలే. దుప్పటి కప్పిన రెండు మూడు గంటల్లో 100కి చేరాలి. ఇంకా 99 లోపే ఉన్నా, 103.5 దాటినా ఫోన్ చేయండి. వెచ్చదనం కోసం వేడినీళ్ల సీసాను ఒంటికి ఆనించొద్దు. మత్తులో ఉన్న కుక్క కాలుతున్నా పక్కకు జరగలేదు. మర్నాటికి చర్మం బొబ్బలెక్కుతుంది.

మూత్రం సంగతి చాలామంది పట్టించుకోరు. కిడ్నీలు బాగుంటే కిలోకి గంటకు కనీసం 1 మి.లీ. వస్తుంది. స్వీటీ బరువుకు పది గంటల్లో 280 మి.లీ., అంటే ఒక పెద్ద గ్లాసుడు. సెలైన్ ఎక్కించి ఉంటే ఇంకా ఎక్కువే రావాలి. లేవలేకపోతే కింద పాత వార్తాపత్రికలు పరిచి తడి చూడండి. సాయంత్రం నుంచి తెల్లారేదాకా చుక్క కూడా లేకపోతే పొద్దున్నే ఆస్పత్రిలో ఉండాలి.

కుట్ల దగ్గర రూపాయి బిళ్లంత గులాబీ మరక మామూలే. బొట్లు బొట్లుగా ఆగకుండా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టి ఫోన్ చేయండి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే గడ్డకడుతున్న రక్తం మళ్లీ తెగుతుంది. ఒక్కసారి వాంతి అయితే భయం లేదు, రెండోసారీ అయితే చెప్పాలి. ఇవన్నీ అర్ధరాత్రి దాకా గంటకోసారి, ఆ తర్వాత రెండు గంటలకోసారి చూసి టైముతో సహా కాగితం మీద రాయండి. ఫోన్‌లో "ఎలాగో ఉందండీ" అనేకంటే "పదకొండింటికి ఊపిరి 24, ఒంటిగంటకు 44" అంటే డాక్టరుకు వెంటనే అర్థమవుతుంది.

ప్రశ్న: మా పగ్‌కు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలనుకుంటున్నాం. "పగ్‌లకు మత్తు పడదు, రెండు రోజులు ఆస్పత్రిలోనే ఉంచండి" అని పక్కింటివాళ్లు భయపెడుతున్నారు.
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: మత్తు పడుతుంది. ఇబ్బంది వచ్చేది మత్తు దిగేటప్పుడు. పగ్‌ల ముక్కు రంధ్రాలు ఇరుకు, అంగిలి వెనుక మెత్తటి కండ పొడుగు. ఆపరేషన్‌లో ఊపిరి కోసం గొంతులో పెట్టిన గొట్టం తీశాక, సగం మత్తులో నాలుక వెనక్కి వాలితే గాలి దారి మూసుకుపోతుంది. మత్తు వల్ల జరిగే మరణాల్లో ఎక్కువభాగం ఆపరేషన్ అయిన తొలి కొన్ని గంటల్లోనే. కాబట్టి ఆపరేషన్ పొద్దున మొదటి కేసుగా పెట్టించుకోండి. తనంతట తాను తల ఎత్తి, కూర్చుని, నాలుగడుగులు వేసేదాకా సాయంత్రం వరకైనా అక్కడే ఉంచండి. ఆ తర్వాత ఆరోగ్యంగా ఉన్న పగ్‌కు ఇల్లే మేలు. ఇంట్లో పక్కకు కాకుండా బోర్లా, మెడ ముందుకు చాచి పడుకోబెట్టండి. మెడకు బెల్టు వద్దు, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి. మామూలు గురక మీకు తెలిసిందే. ఊపిరి లోపలికి లాగేటప్పుడు కీచుమన్నా, నాలుక నీలంగా మారినా ఫోన్ చేస్తూ కూర్చోకుండా బండెక్కించండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని ఇంట్లో ఈ ఆపరేషన్ పెట్టుకోకపోవడమే మంచిది.

ప్రశ్న: మామిడి టెంక మింగితే మా కుక్కకు పేగు కోసి తీశారు. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఇక గండం గడిచినట్టేనా?
- ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: ఇంకా కాదండీ. పేగుకు వేసిన కుట్లు ఊడే అవకాశం ఎక్కువగా ఉండేది మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా. కోసిన అంచుల దగ్గర పాత కణజాలాన్ని ఒళ్లే కరిగించుకుంటుంది, కొత్తది అప్పటికింకా గట్టిపడదు. సరిగ్గా మీరు ఇంటికొచ్చి ఊపిరి పీల్చుకునే సమయమది. నిన్న బాగా తిన్నది ఇవాళ గిన్నె వైపు చూడకపోవడం, మళ్లీ వాంతులు, జ్వరం, పొట్ట ముట్టుకుంటే బిగపట్టడం, ముందుకాళ్లు చాచి వెనుకభాగం పైకెత్తి దండం పెడుతున్నట్టు నిలబడటం కనిపిస్తే, ఏ వేళైనా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మెత్తగా వండిన అన్నం, ఎముక తీసేసి ఉడికించిన కోడిమాంసం కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టండి. ఉప్పూకారం, ఉల్లిపాయ, వెల్లుల్లి తగలనివ్వొద్దు.

ప్రశ్న: మా పల్లె నుంచి ఆస్పత్రి 60 కిలోమీటర్లు. ఆపరేషన్ అయ్యాక రాత్రి ఆటోలో తెచ్చుకోవచ్చా?
- ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఆ రాత్రికి ప్రయాణం వద్దు. పట్నంలో చుట్టాలుంటే అక్కడ, లేకపోతే కుక్కను రానిచ్చే లాడ్జిలో, ఆస్పత్రికి అరగంట దూరంలో ఉండి పొద్దున మళ్లీ చూపించి బయల్దేరండి. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆస్పత్రులకు దూరం నుంచి వెళ్లేవాళ్లూ రాత్రి బస గురించి ముందే ఆలోచించుకోవాలి. ఆటోలో సీటు మీద వద్దు, పడిపోతుంది. కింద దుప్పటి పరిచి, మెడ వంగకుండా, ముక్కుకు గుడ్డ అడ్డం రాకుండా పడుకోబెట్టండి. కాలికి సెలైన్ సూది ఉంచే పంపితే, కట్టు కింద వేళ్లు వాచాయేమో చూస్తుండండి.

ప్రశ్న: సిజేరియన్ అయిన కుక్కను కూడా రాత్రి ఉంచాలా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తల్లికి వేరే ఇబ్బంది లేకపోతే వద్దు. రోజుల పిల్లలకు ఆస్పత్రి గదిలోని క్రిములు మంచివి కావు. తల్లి నిలదొక్కుకోగానే ఇంటికి తెచ్చేయండి. కానీ మత్తు పూర్తిగా దిగేదాకా పిల్లలను దాని దగ్గర వదలొద్దు. తెలియకుండా మీద పడుకుంటుంది, లేదా తన పిల్లలని గుర్తుపట్టక కరుస్తుంది. రెండు గంటలకోసారి మీరే పట్టుకుని పాలు తాగించండి.

ప్రశ్న: రాత్రి నొప్పితో మూలిగితే మనం వేసుకునే మాత్ర సగం ఇవ్వొచ్చా?
- ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుంది. పైగా మీ కుక్కకు క్లినిక్‌లోనే మెలాక్సికామ్ అనే నొప్పి మందు ఇంజెక్షన్ ఇచ్చి ఉండొచ్చు. ఆ తర్వాత డోసు 24 గంటలకు గానీ ఇవ్వకూడదు. అందుకే ఇంటికి బయల్దేరేటప్పుడే నొప్పి మందు ఏది, ఎన్నింటికి ఇచ్చారు, మళ్లీ ఎప్పుడివ్వాలి అన్నది రాయించుకోండి. మూలుగంతా నొప్పీ కాదు. మత్తు దిగేటప్పుడు కొన్ని కుక్కలు అయోమయంగా ఏడుస్తాయి, పేరుపెట్టి పిలిచి తల నిమిరితే కాసేపు ఊరుకుంటాయి. కుట్ల చుట్టూ ముట్టుకోబోతే తల తిప్పి చూసినా, పడుకోలేక లేస్తూ కూర్చుంటూ ఉన్నా అది నొప్పి, డాక్టరుకు ఫోన్ చేయండి. పొరపాటున మాత్ర ఇచ్చేసి ఉంటే దాచకండి. దాని పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్నింటికి వేశారు, ఈ మూడూ చెప్పండి. మాత్రల అట్ట పారేయకుండా ఆస్పత్రికి వెంట తీసుకెళ్లండి.