సీసా మాన్పించి గ్లాసుతో తాగడం నేర్పేదెలా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. మా బాబుకు 17 నెలలు. పాలైనా నీళ్ళైనా సీసాతోనే తాగుతాడు. రోజుకు నాలుగైదు సీసాల పాలు తాగి, అన్నం పెడితే మొహం తిప్పుకుంటాడు. స్టీలు గ్లాసుతో ఇస్తే సగం ఒంటిమీదే పోసుకుంటాడు, దగ్గుతాడు. మా అత్త ఉగ్గుగిన్నెతో గొంతులో పోసేస్తానంటుంది. నాకేమో పొలమారుతుందని భయం. మూతి ఉన్న సిప్పర్ కొనమంటారా?
- ఒక తల్లి

సమాధానం: అమ్మా, ఒలకబోసుకోవడం గురించి టెన్షన్ పడకండి. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టికలో, ఏడాది పిల్లలు పెద్దవాళ్ళు పట్టుకుంటే మూతలేని కప్పుతో తాగుతారనీ, 18 నెలలకు తామే తాగుతారనీ, అప్పుడప్పుడు ఒలుకుతుందనీ ఉంది. మీవాడికి గ్లాసు ఇంకా అలవాటు కాలేదు, అంతే. నాకు బెంగగా ఉన్నది ఆ నాలుగైదు సీసాల గురించి.

సీసాకు 200 మి.లీ. చొప్పున లెక్కేసినా లీటరు దాకా అవుతుంది. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు 400 నుంచి 500 మి.లీ. పాలు చాలు. అంతకు మించితే కడుపు పాలతోనే నిండి ఆకలి చస్తుంది. పాలలో ఇనుము చాలా తక్కువ, పైగా తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. అలా పిల్లలు బొద్దుగా కనిపిస్తూనే రక్తం తగ్గి పాలిపోతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. మీ బాబుకు ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రాత్రి సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే అలవాటుంటే పై ముందు పళ్ళు పుచ్చుతాయి. పడుకుని తాగితే చెవి ఇన్‌ఫెక్షన్లు కూడా ఎక్కువ.

గ్లాసు ఎందుకు కష్టమంటే, సీసా తాగేటప్పుడు నాలుక ముందుకొచ్చి పీలుస్తుంది, పాలు వాటంతట అవే గొంతు దగ్గరికి చేరతాయి. గ్లాసుకు వేరే పని కావాలి. కింది పెదవి అంచును పట్టుకోవాలి, దవడ కదలకుండా ఉండాలి, పై పెదవి గుటకంత లోపలికి లాగాలి, నాలుక వెనక్కి ఉండాలి. సైకిల్ నేర్చుకున్నట్టే, చేస్తేనే వస్తుంది. మూతి ఉన్న సిప్పర్‌లో మళ్ళీ సీసాలాగే పీలుస్తాడు కాబట్టి దాన్ని కొనక్కర్లేదు.

60 మి.లీ. పట్టే చిన్న స్టీలు గ్లాసు చాలు. అంచు మొద్దుగా, నునుపుగా ఉండాలి. పెద్ద గ్లాసులో అడుగున కొంచెం పోస్తే వాడు తల బాగా వెనక్కి వంచాల్సి వస్తుంది, పొలమారేది అప్పుడే. చిన్న గ్లాసులో ముప్పాతిక వరకు పోయండి. బాబును నిటారుగా కూర్చోబెట్టండి, పాదాలకు కింద ఆనుడు ఉండాలి. గ్లాసు అంచును కింది పెదవి మీద ఆనించి, పాలు పై పెదవికి తగిలేంతవరకే వంచి ఆగండి. మీరు పోయకూడదు, వాడే అందుకోవాలి. ఒక గుటక కాగానే గ్లాసు దించి ఊపిరి తీసుకోనివ్వండి. వాడి రెండు చేతులూ గ్లాసు మీద, మీ చేయి వాటి మీద పెట్టండి. మొదట పలుచని రాగిజావతో మొదలుపెట్టడం నాకు ఇష్టం. పలుచన చేసినా పాలకంటే చిక్కగా ఉండి నెమ్మదిగా జారుతుంది కాబట్టి నోటికి అదుపు చిక్కుతుంది. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం జావైనా సరే. అది కుదిరాక మజ్జిగ, తర్వాత నీళ్ళు, పాలు. మన ఎండలకు చొక్కా విప్పేసి వరండాలో కూర్చోబెట్టి నేర్పండి, తడిసినా పర్వాలేదు. మరీ ఆకలి మీదున్నప్పుడు, నిద్ర వస్తున్నప్పుడు మాత్రం వద్దు.

మీ అత్తగారికి నా మాటగా చెప్పండి. ఉగ్గుగిన్నెను నేను తప్పుబట్టడం లేదు. ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకు సీసా బదులు అలాంటి గిన్నెతోనే పాలు పడతారు. కానీ కాళ్ళమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఏడుస్తుంటే గొంతులో పోయడం ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎంగిలి కాకూడదని ఎత్తి పోయడం కూడా ఈ వయసుకు తగదు. వాడికని ఒక గ్లాసు విడిగా పెట్టండి.

సీసాలను ఒకేసారి ఆపకండి. ముందు మధ్యాహ్నం సీసా తీసేసి గ్లాసు పెట్టండి. నాలుగైదు రోజులకు పొద్దుటిది, తర్వాత సాయంత్రానిది, చివర్లో నిద్రకు ముందుది. 18 నెలలు దాటేలోపు పూర్తిగా మాన్పిస్తే మేలు. రాత్రి పాలు గ్లాసుతో ఇచ్చి, పళ్ళు తోమి పడుకోబెట్టండి, ఆ తర్వాత నీళ్ళే. మొదటి వారం తక్కువ తాగుతాడు, మనసు కరిగి మళ్ళీ సీసా ఇవ్వకండి. పెరుగన్నం, పప్పన్నం, గుడ్డు పెడితే లోటు తీరుతుంది. చక్కెర కలపడం, టీ, కాఫీ రుచి చూపించడం మాత్రం వద్దు. ఎండాకాలంలో ఆరు నుంచి ఎనిమిది గంటలపాటు మూత్రం పోయకపోతే, నోరు ఎండిపోతే వెంటనే చూపించండి. మీ పాలు ఇంకా ఇస్తుంటే వాటిని ఆపనక్కర్లేదు, రెండేళ్ళు దాటినా ఇవ్వవచ్చు.

నేర్చుకునేటప్పుడు ఒకటి రెండుసార్లు దగ్గి, మళ్ళీ తానే గ్లాసు అందుకుంటే భయం లేదు. కానీ తాగిన ప్రతిసారీ దగ్గినా, తాగాక గొంతు గరగరమన్నా, పెదవులు నీలం తిరిగినా, పాలు తరచూ ముక్కులోంచి వచ్చినా, మాటిమాటికీ న్యుమోనియా వచ్చినా, బరువు పెరగకపోయినా ఇంట్లో ప్రయత్నాలు ఆపి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. అక్కడ మింగే తీరు ఎలా ఉందో చూడమని అడగండి. పెదవులు నీలం తిరిగి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

బస్సు ప్రయాణాల కోసం ఏదైనా కొనాలనుకుంటే, లోపల వాల్వ్ (ఒలకకుండా అడ్డుకునే బిళ్ళ) లేని, మెత్తటి స్ట్రా ఉన్న గ్లాసు తీసుకోండి. కదిలే బస్సులో మూతలేని గ్లాసుతో తాగించకండి. ఆ స్ట్రాను బ్రష్‌తో లోపలి దాకా కడగాలి, లేదంటే పాలు పేరుకుని విరేచనాలు పట్టుకుంటాయి.