అమ్మమ్మ గొంతును 486లో వినాలంటే

అల్లుడూ,

మీ అమ్మమ్మ మాటలు పాత నోకియా ఫోన్లో దొరికాయని, వాటిని డాస్ (విండోస్‌కి ముందటి వ్యవస్థ) నడిచే మన పాత 486 కంప్యూటర్లో సౌండ్ బ్లాస్టర్ అనే శబ్దం కార్డు మీద వినాలని ఉందని రాశావు. చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. సరే, పని మాట్లాడుకుందాం.

ముందు ఫోన్లోని ఫైళ్లను రెండు చోట్ల కాపీ చేసి పెట్టు. వాటి జోలికి మళ్లీ వెళ్లకు.

అవి ఏఎంఆర్ ఫైళ్లు. సెల్‌ఫోన్ మాటల కోసం పుట్టిన పద్ధతి అది. సెకనుకి 8000 శాంపిళ్లు (శబ్దం కొలతలు) తీసుకుని, 20 మిల్లీసెకన్ల ముక్కలుగా నలిపేస్తుంది. అన్నిటికన్నా మెరుగైన 12.2 కిలోబిట్ల రేటులో కూడా ముక్కకి 32 బైట్లే, అంటే సెకనుకి 1600. డాస్‌లో సౌండ్ బ్లాస్టర్‌కి కావలసింది వీఓసీ అనే రకం శబ్దం ఫైలు. అందులో మామూలుగా నలపడం ఉండదు, శాంపిల్‌కి ఒక బైటు, సెకనుకి 8000. ఫైలు అయిదింతలవుతుంది గానీ గొంతు బాగుపడదు. 8000లో సగం, అంటే 4000 హెర్ట్జ్ పైన ఉండాల్సింది ఫోనే పారేసింది. అమ్మ "సీత" అంటే నాకు "ఫీత" అని వినబడేది అందుకే.

రేటు 8000 దగ్గరే ఉంచు. 11025 పెడితే బాగుంటుందని ఎవరైనా చెప్తే వినకు. వీఓసీ రేటుని ఒకే బైటులో దాచుకుంటుంది: పది లక్షల్ని రేటుతో భాగించి, 256లోంచి తీసేయాలి. 8000కి సరిగ్గా 131 వస్తుంది. 11025కి 165.3 వస్తుంది, దశాంశానికి చోటు లేదు కనుక 165 వేస్తే అసలు రేటు 10989 అయి కూర్చుంటుంది. తేడా చెవికి తెలియదనుకో, కానీ లేని వివరం కోసం ఫైలు పెంచడం దేనికి?

ఇక అసలు మెలిక. కొన్నేళ్ల క్రితం ఒక టేపు విషయంలో తొందరపడి ముందే 8 బిట్లకి దించేసి, తర్వాత వాల్యూమ్ పెంచాను. గొంతు వెనక పెనం మీద నూనె చిటపటలాడినట్టు ఒకటే గోల. 8 బిట్లంటే 256 మెట్లే. మెల్లగా మాట్లాడిన గొంతు వాటిలో ఓ ఇరవై మెట్ల మీదే తిరుగుతుంది, ఆ తర్వాత పెంచితే గరుకు కూడా పెరుగుతుంది. అందుకే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో ఏఎంఆర్‌ని 16 బిట్ల వేవ్ ఫైలుగా విప్పు. (శబ్దం ఫైళ్లని మార్చే సాక్స్ అనే ఇంకో ప్రోగ్రాం చాలా కంప్యూటర్లలో ఏఎంఆర్‌ని నేరుగా తెరవదు.) అందులోనే 100 హెర్ట్జ్ కింది గుర్రుమనే హోరు తీసెయ్. వాల్యూమ్‌ని శిఖరానికి ఒక్క డెసిబెల్ తక్కువ దాకా పెంచు. చిట్టచివర, ఒకే ఒక్కసారి, సాక్స్‌తో 8 బిట్ల మోనో వీఓసీగా మార్చు. అప్పుడు డిథర్ (కావాలనే కలిపే సన్నటి శబ్దం) తప్పకుండా పెట్టు. సన్నటి సర్‌మనే శబ్దం వస్తుంది, దానికి బదులు మాటల చివర్లు గరగరలాడవు.

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ వద్దు. నలిగిన గొంతు మీద దాన్ని వాడితే నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. మాటల మధ్య ఖాళీల్ని కూడా కొట్టేయకు, అమ్మ ఊపిరి పీల్చుకున్నది అక్కడే.

ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. 486 దాకా వెళ్లేముందు డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్లో డాస్‌ని అనుకరించే ప్రోగ్రాం) వినిచూడు. అక్కడే బుస్సుమంటే బైట్లు సైన్డ్‌గా (సున్నాకి అటూ ఇటూ లెక్కపెట్టే అంకెలుగా) రాసుకుపోయాయని అర్థం. ఈ వీఓసీలో నిశ్శబ్దం 128 దగ్గర ఉండాలి, సున్నా దగ్గర కాదు.

1.44 ఎంబీ ఫ్లాపీలో మూడు నిమిషాలు పడుతుంది. బావి దగ్గర పాము కథ ఏడు నిమిషాలు కదా, మూడు ముక్కలు చెయ్యాలి. పాము బయటికొచ్చే చోట మాత్రం కొయ్యకు. నా దగ్గర వాడని ఫ్లాపీలు పది ఉన్నాయి, ఆదివారం వచ్చి తీసుకెళ్లు.

మీ మావయ్య